బావుల పుస్తకం మీద నా అభిప్రాయం

నేను పదవీ విరమణ చేయడానికి మూడేళ్ళ ముందు, ఒక జూన్ మొదటి వారంలో, నాకు పుస్తక పరిశీలన పని అప్పగించారు. అప్పుడు కంబదూరు వైపు ఒక పల్లెలో శాఖా గ్రంథపాలకురాలిగా ఉన్నాను. మా గ్రంథాలయాలను నడిపేది ప్రభుత్వం కాదు, ఒక ట్రస్టు. దాని పేరు ఇక్కడ రాయను. అనంతపురంలో ప్రధాన కార్యాలయం, పల్లెల్లో పద్దెనిమిది శాఖలు. శాఖకు ఒక గ్రంథపాలకురాలో గ్రంథపాలకుడో, ఆరు శాఖలకు ఒక పర్యవేక్షకుడు, అందరి మీద కార్యదర్శి.

ఏటా కొత్త పుస్తకాలు కొనే ముందు ప్రచురణకర్తలూ రచయితలూ ఒక్కో నమూనా ప్రతి పంపుతారు. మాలో ఒకరు వాటిని చదివి, పుస్తకానికి ఒక కాగితం చొప్పున అభిప్రాయం రాసి, కార్యదర్శీ పర్యవేక్షకులూ ఉండే ఎంపిక సంఘానికి పంపాలి. ఎంపికైన పుస్తకం అన్ని శాఖలకూ వెళుతుంది. ఆ ఏడు నా వంతు వచ్చింది. ఇరవై మూడు పుస్తకాలు, నెల రోజుల గడువు.

ఈ పనిని అందరూ రెండు రోజుల్లో ముగించేవారు. ముందుమాట, మధ్యలో ఎక్కడో రెండు పేజీలు, అట్ట వెనక రాసిన పొగడ్త చూసి ‘కొనదగినది’ అని రాసేస్తే సరిపోయేది. నేను మాత్రం మొత్తం చదవాలనుకున్నాను. గొప్ప ఉద్దేశమేమీ లేదు. ముప్పై ఏళ్ళుగా పుస్తకాలకు నంబర్లు వేశాను, ముద్రలు కొట్టాను, చెదలు దులిపాను. వరసగా ఒక నెల కూర్చుని చదివింది మాత్రం లేదు.

అనంతపురంలో ఇల్లు. పొద్దున కళ్యాణదుర్గం మీదుగా రెండు బస్సులు మారి వెళ్ళేదాన్ని. బస్సులో చదివాను. పదకొండు దాటితే పేపరు చదివేవాళ్ళు కూడా వెళ్ళిపోతారు కాబట్టి శాఖలోనూ చదివాను. మొదటి వారంలో ఎనిమిది పూర్తయ్యాయి. ఐదు విజయం సాధించడం ఎలాగో చెప్పేవి. ఐదింటిలోనూ తెల్లవారుజామునే లేవమని ఉంది. మా పల్లెలో అందరూ ఆ వేళకే లేస్తారు, వాళ్ళకు ఏ విజయమూ రాలేదు. ఒక పెద్ద అధికారి కవితా సంపుటిలో కవితల కంటే ఆయనకు జరిగిన సన్మానాల ఫోటోలు ఎక్కువ. రెండో వారంలో ఒక ప్రవచన గ్రంథం ఆరు రోజులు తినేసింది. అందులో చెప్పిన సంగతి మొదటి ముప్పై పేజీల్లోనే అయిపోయింది.

కరువు మీద ఒక నవల కూడా ఉంది. ఖరీదైన కాగితం, రంగుల అట్ట. అందులో రైతు కన్నీళ్ళు తుడుచుకుంటూ వేరుశెనగ చేను కొడవలితో కోస్తాడు. ఆ పేజీని ఓబులేసుకు చూపించాను. ఓబులేసు రోజూ వచ్చే పాఠకుడు. మూడెకరాల మెట్ట ఉంది. వాన పడక విత్తనం వేయలేక, మా బల్ల దగ్గర కూర్చునేవాడు.

“చెనిక్కాయను కొడవలితో కోస్తే, భూమిలో ఉండే కాయను ఎవురు తీస్తారక్కా?” అన్నాడు. నవ్వలేదు. పేజీ తిప్పి, “ఈయప్ప యాడోడు?” అని అడిగాడు.

పద్దెనిమిదో పుస్తకం సుంకన్నది. డెబ్బై దాటిన మనిషి, పక్క ఊరివాడు. వయసులో ఉన్నన్నాళ్ళూ కూలికి బావులు తవ్వాడు. బోర్లు వచ్చాక ఆ పని పోయింది. తాను దిగిన నలభై ఒక్క బావుల గురించి, బావికి ఒక అధ్యాయం చొప్పున రాసి, ఒక చిన్న ప్రెస్సులో అచ్చు వేయించుకున్నాడు. ఎన్ని మట్ల లోతు (మట్టు అంటే మనిషి నిలువు), ఏ మట్టున సుద్ద, ఏ మట్టున రాయి, నీళ్ళు పడ్డాయా లేదా, పడితే తీపా ఉప్పా, తవ్వించినవాళ్ళు అన్నం ఎక్కడ కూర్చోబెట్టి పెట్టారు, అన్నీ ఉన్నాయి. ఒక అధ్యాయం మొత్తం రెండే వాక్యాలు: “ఈ బావిలో నీళ్ళు పడలేదు. దిగినోళ్ళం ఏడుగురం, ఎక్కినోళ్ళం ఆరుగురం.” ఎక్కనివాడు తన తమ్ముడని ఇంకో అధ్యాయంలో, వేరే మాటల మధ్య, తెలుస్తుంది. ఆ పుస్తకాన్ని రెండుసార్లు చదివాను. నెల మొత్తంలో అలా చదివింది అదొక్కటే.

ఓబులేసు కూడా దాన్ని పట్టుకున్నాడు. నమూనా ప్రతిని ఇంటికి ఇవ్వకూడదు కాబట్టి బల్ల దగ్గరే, వేలు పెట్టుకుని, వారానికి నాలుగు బావుల చొప్పున చదివేవాడు. ఒకరోజు తలెత్తి, “మా నాయన బావి ఉండాదక్కా ఇందులో. పదకొండు మట్లంట. నేనే రాళ్ళేసి పూడిస్తి” అన్నాడు. ఆ రోజు ఇంక చదవలేదు.

నెలాఖరుకు ఇరవై మూడు అభిప్రాయాలూ రాశాను. తొమ్మిదింటికి ‘అవసరం లేదు’ అని కారణాలతో రాశాను. వాటిలో అధికారి కవితలు, కరువు నవల ఉన్నాయి. సుంకన్న పుస్తకానికి ఒకటిన్నర పేజీ రాశాను. ప్రతి శాఖలోనూ ఉండవలసిన పుస్తకమని, ఈ ప్రాంతం గురించి ఇంత వివరం వేరెక్కడా చూడలేదని రాశాను. పరిశీలన అంటే లోపాలూ చెప్పాలన్న నియమం కొద్దీ చివర ఒక పేరా చేర్చాను: అచ్చు తప్పులు చాలా ఉన్నాయి, కుట్టు లేకుండా పిన్నులు కొట్టారు, చేతులు మారితే పేజీలు ఊడతాయి, తర్వాతి ముద్రణలో సరిచేసుకోవాలి.

ఆగస్టులో ఎంపిక జాబితా వచ్చింది. నేను వద్దన్న తొమ్మిదీ అందులో ఉన్నాయి. తిరస్కరించినది ఒక్కటే. దాని ఎదురుగా, “పరిశీలకురాలి నివేదిక ప్రకారం అచ్చు తప్పులు, బైండింగు లోపం ఉన్నందున” అని టైపు చేసి ఉంది.

పర్యవేక్షకుడికి ఫోన్ చేశాను. ఆయన కోప్పడలేదు. “మేడమ్, మేము ఒక్క మాటైనా కల్పించినామా? అన్నీ మీరు రాసినవే కదా. ఏదో ఒకటి తీసేయకపోతే అసలు పరిశీలనే చేయలేదంటారు” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, రాప్తాడు శాఖకు బదిలీ కోసం నేను పెట్టుకున్న అర్జీ కార్యదర్శి బల్ల మీదే ఉందని గుర్తు చేశాడు. రాప్తాడు అయితే ఇంటి నుంచి ఒకే బస్సు. అప్పటికి నా మోకాళ్ళు అరిగిపోయి ఉన్నాయి.

పుస్తకం నా బల్ల మీద ఉన్న సంగతి పక్క ఊరికీ తెలుసు. నాలుగు రోజులకు సుంకన్న వచ్చాడు. చేతిలో అదే కారణం టైపు చేసిన తిరస్కరణ ఉత్తరం ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

“ఇది రాసింది నువ్వేనా తల్లీ?” అన్నాడు.

“పరిశీలించింది నేనే” అన్నాను.

“మొత్తం సదివినావా?”

“మొత్తం చదివాను.”

“నలభై ఒక్క బావులు దిగినావు. నీకు ఆడ పిన్నులు కనపడినాయి” అన్నాడు.

నా అభిప్రాయం నకలు నా బల్ల సొరుగులోనే ఉంది. తీసి చూపిస్తే ఒక నిమిషం పని. కానీ పరిశీలన నివేదికలు రహస్యం, బయటివాళ్ళకు చూపితే క్రమశిక్షణ చర్య అని మా నియమావళిలో ఉంది. “నేను బాగుందనే రాశాను” అని నోటితో చెప్పాను. ఉత్తరం ఒకటి చెబుతుంటే నోటిమాటను ఎవరు నమ్ముతారు? నమూనా ప్రతిని వెనక్కి ఇమ్మన్నాడు. రిజిస్టరులో సంతకం తీసుకుని ఇచ్చాను. దాన్ని పంచె చెంగులో చుట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఓబులేసు బల్ల దగ్గర వెతికి, “యాడబోయిందక్కా? ఇంకా పన్నెండు బావులు ఉండె” అన్నాడు. జరిగింది చెప్పాను. “కాగితం నీ దగ్గరే ఉండాది. చూపించింటే ఏమైతాండె?” అన్నాడు. బదిలీ అర్జీ సంగతి అతనికి చెప్పలేదు.

దసరాకు ముందే నాకు రాప్తాడు వచ్చింది. అక్కడ కొత్త పుస్తకాల కట్టలు విప్పి నంబర్లు వేసింది నేనే. కరువు నవల రెండేళ్ళలో ఎవరూ తీసుకోలేదు. విరమణకు ముందు ఓబులేసుకు ఫోన్ చేసి, బావుల పుస్తకం నాకొకటి కావాలని సుంకన్నను అడగమన్నాను. వారం తర్వాత అతనే చేశాడు. ప్రతులన్నీ సుంకన్న ఇంట్లోనే ఉన్నాయట, అడిగినవాళ్ళకు ఊరికే ఇస్తున్నాడట. “నాకొకటి ఇచ్చినాడక్కా. నీ పేరు చెప్పినాను. ఆయమ్మకు వద్దు అన్నాడు.”

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు చెప్పవలసింది ఇంతే. అభిప్రాయం రాసేటప్పుడు మెప్పును, లోపాన్ని ఒకే కాగితం మీద పెట్టకండి. పైవాళ్ళు తమకు పనికొచ్చే పేరానే కత్తిరించుకుంటారు. రహస్యమని నియమావళిలో రాసి ఉన్నప్పుడు, ఆ రహస్యం ఎవరిని కాపాడుతుందో చూసుకోండి. ఆ రోజు అది కార్యదర్శిని కాపాడింది, నన్ను కాపాడింది. ఆ నెలలో నేను నిజాయితీగానే చదివాను. అది ఎవరికీ ఉపయోగపడలేదు.