హారన్ కొట్టని చివరి స్టాపు

డిపోలో ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినిపించదు. అందరికీ ఆమె హారనమ్మ. సిటీ బస్సు నడుపుతుంది. బస్సు ఇంకా రెండు వీధుల అవతల ఉండగానే స్టాపులో జనం సంచులు భుజాన తగిలించుకుంటారు, అంత మోత. అడ్డంగా ఆపిన కారుకు ఒకలా, ఫోను చూసుకుంటూ రోడ్డు దాటే మహానుభావుడికి ఇంకొకలా, ఎడమవైపు నుంచి దూరే బైకులకు మరీ సాగదీసి కొడుతుంది. కోపం ముక్కు మీదే ఉంటుంది. "నోరు చేసుకుంటే గొంతు పోతుంది. హారన్ పోతే డిపో వాళ్ళే మార్చుకుంటారు" అంటుంది.

అలాంటి మనిషి ఒక్క చోట మాత్రం హారన్ జోలికి పోయేది కాదు. అది ఆమె రూటులో చివరి స్టాపు.

ఆ రూటు ఆమెకు శిక్షగా వచ్చింది. ఒకరోజు డిపో గేటుకు అడ్డంగా ఆపిన కారు వెనక బస్సు నిలబెట్టి, అది కదిలేదాకా హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. కారు డిపో మేనేజరుగారిది. ఎవరిదైతేనేం, గేటు గేటే కదా. ఆ మాట ఆయన ముఖం మీదే అంది కూడా. మర్నాటి నుంచి జనం పెద్దగా ఎక్కని ఈ రూటు ఆమె నెత్తిన పడింది.

చివరి స్టాపంటే గొప్ప ఏర్పాటేమీ లేదు. మూతబడ్డ రంగుల ఫ్యాక్టరీ ప్రహరీ, దాని పక్కన బస్సు తిప్పుకోవడానికి కంకర పరిచిన జాగా, ఆ కంకర అంచున ఒక పెద్ద మడుగు. ఇళ్ళన్నీ దానికి వీపు చూపించి కూర్చున్నాయి. పెరటి గోడలు, మురుగు గొట్టాలు మాత్రమే అటు తిరిగి ఉంటాయి. "ఇచ్చట చెత్త వేయరాదు" అని మునిసిపాలిటీ బోర్డు ఒకటుంది. ఊళ్ళోకెల్లా పెద్ద చెత్తకుప్ప ఆ బోర్డు కిందే ఉంది. బోర్డు పాతితే పని అయిపోయిందనుకునే వాళ్ళను ఏమనాలో హారనమ్మకు బాగా తెలుసు గానీ, అవి ఇక్కడ రాయదగిన మాటలు కావు.

ఆ దరిద్రం మధ్యే జమ్ము ఏపుగా పెరిగింది. జమ్ములోంచి నీటికోళ్ళు తోక ఎగరేసుకుంటూ వచ్చిపోయేవి. ఎవరో పారేసిన ఫ్యాను రెక్క నీళ్ళలోంచి పైకి పొడుచుకొచ్చి ఉంటే, దాని మీద లకుముకి పిట్ట కూర్చునేది. మొదట్లో హారనమ్మ బస్సు దిగి చూడబోయేది. ఆమె కాలు నేల మీద పడగానే అన్నీ లేచిపోయేవి. ఒకరోజు వాన పట్టుకుంది. దిగబుద్ధి కాక ఇంజను ఆపి, సీట్లోనే అన్నం డబ్బా విప్పుకుంది. తలెత్తి చూస్తే అద్దానికి ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో తెల్లకొంగ నిలబడి చేపను మింగుతోంది. ఆ కొంగ గొంతులోంచి చేప దిగడం కూడా ఆమెకు కనిపించింది. నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

వాటికి భయం మనిషంటేనే, బస్సంటే కాదని ఆమెకు అప్పుడు తెలిసింది. ఆ రోజు నుంచి శిక్ష కాస్తా వరమైంది. ట్రిప్పుకూ ట్రిప్పుకూ మధ్య దొరికే ఆ కాస్త సేపూ కదలకుండా కూర్చుని చూసేది. కండక్టరు వయసులో పెద్దవాడు, వెనక సీట్లో చేరి కునుకు తీసేవాడు. "చెల్లెమ్మా, నువ్వు నోరు మూసుకుని కూర్చునే చోటు ఊళ్ళో ఇదొక్కటే. నాకిక్కడే నిద్ర పడుతుంది" అనేవాడు.

ఇంటికెళ్ళాక ఆ మౌనానికంతా వడ్డీ చెల్లించేది. భర్త ముందుగదిలోనే మిషను పెట్టుకుని బట్టలు కుడతాడు. ఆమె చెప్పులు విడవగానే, మిషను ఆపకుండానే అడిగేవాడు, "ఏమంటున్నారు మీవాళ్ళు?" ఇక మొదలు. బుడబుంగ పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని ఈదిందని చెబితే అత్తగారు వత్తిన చపాతీ పెనం మీద వెయ్యడం మరిచిపోయి వినేది. "మరి మునిగినప్పుడు పిల్లల సంగతేంటే?" అని ఆవిడ ఆదుర్దా. తర్వాతి రోజు చూసొచ్చి చెప్పేదాకా ఆవిడకు మనశ్శాంతి ఉండేది కాదు.

ఎండలు ముదురుతుండగా, బస్సు తిప్పే జాగాలో ఒక తీతువు పిట్ట అద్దం మీదికొచ్చి చెడామడా అరిచింది. హారనమ్మను అంతలా తిట్టినవాళ్ళు డిపోలో కూడా లేరు. బ్రేకు వేసి తల బయటికి పెట్టి చూస్తే, కంకర మధ్య కంకర రంగులోనే గుడ్లు. గూడు లేదు, గడ్డిపరక లేదు. ముందు చక్రానికి జానెడు దూరం.

జాగా చూస్తే ఇరుకు, బస్సు వేరేలా తిప్పడానికి లేదు. ఆమె ఆలోచించి, గుడ్లు సరిగ్గా రెండు చక్రాల నడుమకు వచ్చేలా బస్సును మెల్లగా పోనిచ్చి ఆపింది. పైన బస్సు నీడ, చుట్టూ చక్రాలు. కుక్క రాదు, కాకి రాదు. ఆ రూటులో తిరిగే మిగతా డ్రైవర్లకూ అలాగే ఆపమని చెప్పింది. వాళ్ళు నవ్వారు, "పురుడు కూడా నువ్వే పోస్తావా అక్కా" అన్నారు. నవ్వితే నవ్వారు గానీ మాట విన్నారు. సగం పిట్ట మీద జాలితో, సగం ఈమె నోటికి జడిసి.

మొదట్లో బస్సు వచ్చిన ప్రతిసారీ తీతువు లేచి అరిచేది. తర్వాత లేవడం మానేసి అరిచేది. రానురాను అరవడమూ మానేసింది. బస్సు మీదికొస్తుంటే మెడ కాస్త లోపలికి లాక్కుని, గుడ్ల మీద అలాగే కూర్చునేది. హారనమ్మ గర్వం అంతా ఇంతా కాదు. "నా బండి చప్పుడు గుర్తుపట్టింది. ఇంట్లో మనిషి వచ్చినట్టే" అని భర్తకు చెప్పింది. అత్తగారు తన కోడలి గొప్ప చుట్టుపక్కల నాలుగిళ్ళలో చాటింది.

అప్పుడొచ్చింది కొత్త బోర్డు. "నిరుపయోగ స్థలం. వాహనాల పార్కింగు కొరకు అభివృద్ధి పనులు." నిరుపయోగమట. అన్ని ప్రాణులు తింటూ, ఈదుతూ, పిల్లల్ని కంటున్న చోటు నిరుపయోగం. ఆ మాట రాసినవాడు ఒక్కపూట వచ్చి కారు దిగకుండా కూర్చుని చూశాడా? హారనమ్మకు ఒళ్ళు మండిపోయింది. తనకు సెలవున్న రోజున మునిసిపాలిటీ ఆఫీసుకు వెళ్ళింది. బల్ల వెనక ఉన్న ఆఫీసరు మర్యాదస్తుడే, కూర్చోమన్నాడు.

"మడుగు పూడ్చొద్దని చెప్పడానికి నేనెవర్ని సార్. మీరు వినరు కూడా. ఆ గుడ్లు పిల్లలయ్యేదాకా ఆగండి. అంతే అడుగుతున్నా."

"గుడ్లు పెట్టేముందు అది మాకు దరఖాస్తు పెట్టుకుందా అమ్మా?" అన్నాడాయన. పక్క బల్లల వాళ్ళు నవ్వారు. ఆమె నవ్వలేదని చూసి గొంతు మార్చాడు. "కంగారుపడకండి. పని అవతలి గట్టు నుంచి మొదలుపెడతాం. మీ బస్సు వైపు వచ్చేసరికి మీ పిట్ట మనవల్ని ఎత్తుకుంటుంది. నేను చెబుతున్నాగా."

నమ్మింది. కుర్చీలో కూర్చోబెట్టి చెప్పిన మాట కదా అని నమ్మింది. ఆ మాట ఆయన బల్ల దాటి గుమ్మం దాకానైనా రాలేదని ఆమెకెలా తెలుస్తుంది. అవతలి గట్టుకు దారి లేదు. టిప్పర్లు ఎటు నుంచి వస్తాయో పని చేయించే కాంట్రాక్టరుకు తెలుసు, బల్ల వెనక ఉన్నాయనకూ తెలుసు.

కొన్నాళ్ళకే ఒకరోజు, రెండో ట్రిప్పులో ఫ్యాక్టరీ గోడ మలుపు తిరగ్గానే కనిపించింది. కూల్చిన ఇళ్ళ ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్ళలు నింపుకున్న టిప్పర్ ఒకటి కంకర జాగాలో రివర్సు వస్తోంది. తీతువు కూర్చునే ఉంది. అరవలేదు, లేవలేదు. మెడ కాస్త లోపలికి లాక్కుంది.

హారనమ్మ ఆ చోట ఎన్నడూ ముట్టని హారన్ మీద అరచెయ్యి మొత్తం వేసి నొక్కింది. మడుగంతా ఒక్కసారిగా లేచింది. కొంగలు, నీటికోళ్ళు, నీటికాకులు, అన్నీ. చిట్టచివరికి తీతువు కూడా చక్రం అంచు నుంచి లేచింది. టిప్పర్ ఆగింది. ఆగేలోపు వెనక చక్రం వెళ్ళకూడని చోటికి వెళ్ళిపోయింది.

ఆమె బస్సు దిగి పరుగెత్తింది. చూడటానికి ఏమీ మిగల్లేదు. కంకర మీద కాస్త తడి, పెంకులు. పొడిచివేయడానికి సిద్ధమైనదానిలా ఆమె తిరిగేసరికి, టిప్పర్ డ్రైవరు అప్పటికే దిగి వచ్చి తల గోక్కుంటూ నిలబడ్డాడు.

"అయ్యో, గుడ్లా అక్కా? ఈ పనిలో ఇవి ఎదురవడం మాకు మామూలే. మామూలుగా మేం తొక్కం. దూరం నుంచే పిట్టలు నెత్తి మీదికొచ్చి గోల పెడతాయి. ఆ గోల వినగానే పక్కకు తిప్పుకుంటాం. ఇది నోరు మెదపలేదు. మొండిగా కూర్చుంది. ఎందుకో మరి."

ఎందుకో హారనమ్మకు తెలుసు. తిట్టడానికి నోరు తెరిచిన మనిషి తెరిచినట్టే నిలబడిపోయింది. చక్రాలను నమ్మడం దానికి ఎవరు నేర్పారో ఆమె అతనికి చెప్పలేదు. కండక్టరు వచ్చి భుజం తట్టి బస్సెక్కించాడు.

ఆ సాయంత్రమే ఆఫీసుకు వెళ్ళింది. ఆఫీసరు మళ్ళీ కూర్చోమన్నాడు. ఈసారి కూర్చోలేదు. "మీరు నాకిచ్చిన మాట ఏమైంది సార్?" అంది. ఆయనకు గుర్తు రావడానికి కొంత సేపు పట్టింది. అది ఆమెను అన్నిటికంటే ఎక్కువగా కాల్చింది. గుడ్లు పగిలినందుకు ఆయనను క్షమించగలదేమో గానీ, ఆ గుడ్లు ఆయనకు గుర్తే లేనందుకు ఈ జన్మలో క్షమించలేదు.

మర్నాడు ఫ్యాక్టరీ గోడ మలుపు దగ్గరే ఆమె హారన్ మొదలుపెట్టింది. జాగాలోకి వచ్చి ఆగేదాకా తీయలేదు. జమ్ములోంచి ఒక్కొక్కటే లేచి అవతలి గట్టుకు పోయాయి. ఫ్యాను రెక్క మీద లకుముకి లేదు. అద్దానికి ఎదురుగా ఖాళీ నీళ్ళు మిగిలాయి. కునుకు కోసం వెనక సీటుకు చేరబోతున్న కండక్టరు ఉలిక్కిపడి ముందుకు వచ్చాడు.

"ఇదేంటమ్మా, ఇక్కడ ఎప్పుడూ కొట్టవు కదా."

"కొట్టాలన్నయ్యా. ఏ బండి మంచిదో, ఏది కాదో వాటికి ఎలా తెలుస్తుంది? నా బండిని చూసి కూడా పారిపోవాలి."

"మరి నువ్వు చూసుకోవడానికి ఏముంటుందే?"

ఆమె అన్నం డబ్బా తీసి, తెరవకుండానే మళ్ళీ సంచిలో పెట్టింది.

ఇప్పుడు ఊళ్ళో ఎక్కడ కొట్టినా కొట్టకపోయినా అక్కడ మాత్రం తప్పకుండా కొడుతుంది. మిగతా డ్రైవర్ల చేతా కొట్టిస్తుంది. మడుగు ఒక పక్క నుంచి పూడుతూనే ఉంది. ఇంట్లో భర్త మిషను తొక్కుతూ ఎప్పటిలాగే అడుగుతాడు, "ఏమంటున్నారు మీవాళ్ళు?"

"పారిపోతున్నారు" అంటుంది. అత్తగారు వత్తిన చపాతీ పెనం మీద వేసేస్తుంది.

తీతువు జంట మాత్రం పోలేదు. గోడ వారగా ఇంకా మట్టి పడని చోట మళ్ళీ గుడ్లు పెట్టాయి. నిన్న బస్సు మలుపు తిరిగిందో లేదో, రెండూ కలిసి అద్దం మీదికొచ్చి నోటికొచ్చినట్టు తిట్టాయి. హారనమ్మ బస్సు దూరంగా నిలబెట్టి, కళ్ళు తుడుచుకుని, ఇంకోసారి హారన్ కొట్టింది. "తిట్టండమ్మా, ఇంకా గట్టిగా తిట్టండి" అంది.