తొమ్మిది మగ్గాలు, ఒకే పిల్లి

పరంధామయ్యకున్న జబ్బు ఒక్కటే, అనుమానం. ఎవరేం చెప్పినా "ఎవురు సూసినారు?" అంటాడు. భార్య పాలు పొంగాయన్నా అదే మాట, డాక్టరు బీపీ ఉందన్నా అదే మాట. తిరుపతిలో చేనేతకు సంబంధించిన ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో ఆయన సూపరింటెండెంటు. ఫైల్లో "ఈరోజు సోమవారం" అని రాసినా పక్కన ఎర్ర పెన్సిలుతో ఆ ప్రశ్న పెట్టి వెనక్కి పంపేవాడు.

కొత్తగా చేరిన గుమాస్తా నందితకు నెల తిరక్కుండానే ఆయన మీదే అనుమానం పుట్టింది. నగరి నేతగాళ్లకు ఢిల్లీ నలభై మగ్గాలు మంజూరు చేసింది. అన్నీ చేర్చేశానని సరఫరాదారు ఫోటోలతో సహా రాసిచ్చాడు. మగ్గాలు చేరాయా అని ఒక ఎంపీ పార్లమెంటులో అడిగారు. "చేరాయి" అని జవాబు పంపితే ఫైలు మూతపడుతుంది, ఆ తరువాత మగ్గం అందనివాళ్లకు ఇక అందదు. పరంధామయ్య మాత్రం సంతకం పెట్టడు.

"ఫోటోలుండాయి కదా సార్?" అంది నందిత.

"ఫోటో తీసినోడు సూసినాడు. నువ్వు సూసినావా? నేను సూసినానా?"

చేయి తడిపితేగానీ ఆయన పెన్ను కదలదని ఆఫీసంతా గుసగుసలు. నందిత కూడా నమ్మింది. ప్రతి శనివారం ఆయన గొడుగు, పెద్ద టిఫిన్ డబ్బా పట్టుకుని నగరి బస్సెక్కడం ఆమె చూసింది మరి. అంత డబ్బా దేన్ని నింపుకుని రావడానికో ఆమె ఊహించుకుంది కూడా.

ఇంతలో పార్లమెంటు కమిటీ తిరుపతికి వస్తుందని కబురొచ్చింది. ఆఫీసరు ధర్మేంద్ర హడావిడి పడ్డాడు.

"కమిటీ అంటే దర్శనం, భోజనం, శాలువా. మధ్యలో పది నిమిషాలు ప్రశ్నలు. నలభైకి నలభై అని సంతకం పెట్టవయ్యా. లేకపోతే నీ కుర్చీ పులికాట్ సరస్సు ఒడ్డున కొంగల పక్కన వేయిస్తా."

"మంచిదే సార్. కొంగలు దొంగ ఫోటోలు దిగవు."

సమావేశంలో ధర్మేంద్ర నలభైకి నలభై అని తానే చదివేశాడు. ఫోటోలు తిరగేస్తున్న తెలుగు సభ్యురాలు ఒకావిడ తలెత్తి అడిగారు.

"సంతోషం. అక్కడికి వెళ్లి ఎవరు చూశారు?"

నందిత ఉలిక్కిపడింది. అధికారులంతా బల్ల మీది జీడిపప్పు కేసి చూశారు. పరంధామయ్య లేచాడు.

"నేను సూసినానమ్మా. ముప్పై ఒక్క ఇంట్లో మగ్గం ఉండాది. తొమ్మిదిండ్లల్లో లేదు."

"మరి ఈ ఫోటోలు?"

"మగ్గం కింద పిల్లిని సూడండమ్మా."

తొమ్మిది ఫోటోల్లోనూ చెవి తెగిన తెల్లపిల్లి ఒకటి నిద్రపోతోంది.

"అది మగ్గం వచ్చిన వరదయ్య ఇంటి పిల్లి. ఆ తొమ్మిదిమందినీ వరదయ్య వసారాలోనే వరసగా నిలబెట్టి తీసినారు. మనుషులు మారినారు గానీ పిల్లి లేవలా."

"ముందే చెప్పాలి కదయ్యా!" అన్నాడు ధర్మేంద్ర, చెమట తుడుచుకుంటూ.

"ఫైల్లో మూడు నోట్లు రాసినాను సార్. మీరు సదివినట్టు ఎవురు సూసినారు?"

హాలంతా నవ్వింది. సభ్యురాలు నవ్వలేదు. జవాబు ఆపించి, పదిహేను రోజుల్లో మగ్గాలు చేర్చాలని, సరఫరాదారు మీద విచారణ జరగాలని చెప్పారు.

గడువు ముగిశాక, మగ్గాలు చేరాయో లేదో కనుక్కోవడానికి నందిత నగరికి ఫోను చేసింది. తొమ్మిదిమందిలో ఒకరైన చౌడేశ్వరమ్మ పలికింది. భర్త పోయాక కూలి నేతతో ఇద్దరు పిల్లల్ని సాకుతోంది.

"వచ్చింది తల్లీ! మగ్గానికి గుంత తవ్వినామంటే మీ సారు నమ్మలా. ఎవురు సూసినారని వచ్చి, లోతు సాలదని తానే పార పట్టినాడు. వచ్చినప్పుడంతా పిల్లోళ్లకి డబ్బా నిండా పులిహోర తెస్తాడు. తిన్నామంటే గూడా నమ్మడు, తినేదాకా ఎదురుగానే కూసోనుంటాడు."

నందితకు సిగ్గేసింది. అంతలో ఆమె ఫోనుకు మగ్గం ఫోటో వచ్చింది. ఆమె చూపించగానే పరంధామయ్య భూతద్దం తీశాడు.

"ఇదేంది, మళ్లా పిల్లి!"

"దాని కూన సార్. చౌడేశ్వరమ్మ తెచ్చుకుని సాకుతా ఉండాదంట."

"ఎవురు సూసినారు?"

నందిత నవ్వాపుకుంది. "శనివారం నేను గూడా వస్తాను సార్. ఇద్దరం పోయి సూద్దాం. పులిహోర ఈసారి నేను తెస్తాను."

పరంధామయ్య ఆమెను ఎగాదిగా చూశాడు.

"నీకు పులిహోర కలపడం వచ్చునా? ఎవురు సూసినారు?"