గుప్పిట విప్పని మేడం

రాయచూరులో నాకు ఫిజిక్స్ చెప్పిన మేడం ఇక లేరు. మొన్న ముదగల్ నుంచి వస్తుంటే దారిలో లారీ గుద్దింది. ఆస్పత్రి దాకా కూడా ప్రాణం నిలవలేదు. "నీకే ముందు చెప్పాలనిపిచ్చింది" అన్నాడు ఆమె తమ్ముడు ఫోన్‌లో.

లేజర్ కాంతిది ఒకే రంగు అనుకుంటాం. కానీ ఆ రంగు కంటికి తెలియనంత సన్నగా అటూ ఇటూ జరుగుతూ ఉంటుంది. ఆ కాంతి సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో కొలిస్తేనే అది పట్టుబడుతుంది. అందుకు వాడే బీరువా అంత యంత్రం పనిని మేడం గోరంత చిప్పుతో చేయించేవారు. తను డిజైను గీసిచ్చి చేయించుకున్న చిప్పుల్లో సరిగా పనిచేసేది అదొక్కటే. "ఫ్యాన్ బందు చెయ్యి. జర గాలి తగిలినా రంగు జరుగుతది" అనేవారు. ఎండాకాలం చెమటలు కక్కుతూ కొలిచేవాళ్లం.

నేను ఆ ల్యాబ్‌లో ఉన్న ఏడాది పరీక్షలో కాపీ కొడుతున్న ఒకణ్ణి ఆమె పట్టుకున్నారు. మర్నాడు మధ్యాహ్నం వాడి అన్నలు నలుగురు ఇనుప రాడ్లతో ల్యాబ్‌లోకి వచ్చారు.

"రిపోర్టు వాపస్ తీస్కుంటవా, లేదా?"

"తీస్కోను."

మొదటి దెబ్బకే లేజర్ బద్దలైంది. నేల నిండా గాజుపెంకులు. నేను బల్ల కింద దూరాను. మేడం చిప్పును లాగి గుప్పిట్లో బిగించారు.

"ఏందే అది? విప్పు!"

"విప్ప."

రాడ్ పడింది. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. మళ్లీ పడింది. నుదురు పగిలి, కళ్లలోకి నెత్తురు కారుతుంటే మోకాళ్ల మీద కూలారు. అప్పుడు నన్ను చూశారు. వాళ్లు గమనించకుండా వెంటనే చూపు తిప్పుకున్నారు.

ఆస్పత్రిలో డాక్టరు ఒక్కొక్క వేలే విప్పాడు. మూడు వేళ్లు విరిగాయి. చిప్పు అంచు ఒకటి అరచేతిలో దిగబడింది. చిప్పులో కాంతి తిరిగే వలయాలు మాత్రం చెక్కుచెదరలేదు. రెండు నెలల తర్వాత కొత్త లేజర్ తెప్పించి, ఎడమ చేత్తోనే అన్నీ అమర్చి మళ్లీ కొలిచారామె.

మేడం కాక, చూసిన సాక్షిని నేనొక్కదాన్నే. చెబితే చంపుతామని ఆ అన్నలు కబురు పంపారు.

"ఏం చెప్పాలె మేడం?"

"చూసింది చెప్పు బిడ్డా. చూడంది చెప్పకు. భయమైతే భయమైందని గూడ చెప్పు."

కోర్టులో వాళ్ల వకీలు అడిగాడు, నువ్వప్పుడు ఎక్కడున్నావని. బల్ల కింద, అన్నాను. కొందరు నవ్వారు. నలుగురినీ వేలెత్తి చూపించాను. తర్వాత నలుగురికీ శిక్ష పడింది.

సాక్ష్యం చెప్పిన రోజు బయటికి వస్తుంటే కోర్టు మెట్ల మీద వాళ్ల మనిషొకడు నన్ను చాచి కొట్టాడు. పెదవి చిట్లింది. పోలీసులు వాణ్ణి లాక్కుపోయారు. మేడం నన్ను గేటు దాకా నడిపించి ఉప్పూకారం అద్దిన జామకాయ కొన్నారు. చీల్చబోతే వేళ్లు వంగలేదు. పళ్లతో కొరికి, సగం నా చేతిలో పెట్టి, ఎండలో నా పక్కనే నిలబడి తిన్నారు. ఆమె గడ్డానికి ఉప్పూకారం అంటుకుని ఉంది.