ఓపల్ విన్న ఇంజన్

వెర్లిన్ టాకెట్ ఫ్లింట్ ఊరి ఇంజన్ల ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేశాడు. అలాంటివాడు సొంత కారు ఇంజన్ని ఉత్త నీళ్లతో పగలగొట్టుకున్నాడంటే ఊరంతా నవ్వుతుంది. అందుకే ఎవరికీ నిజం చెప్పలేదు. బేరింగ్ పోయిందని అబద్ధమాడాడు.

జరిగింది ఇదీ. సెప్టెంబరులో ఆ ఎర్ర షెవెల్ కారులో ఎక్కడో నీళ్లు కారుతుంటే గాస్కెట్ మార్చాడు. కారడం ఆగిందో లేదో చూద్దామని ప్రస్తుతానికి కుళాయి నీళ్లు పోశాడు. మిషిగన్‌లో నవంబరులో జింకల వేట మొదలయ్యేలోగా ఆ నీళ్లు తీసేసి చలికి గడ్డకట్టని కూలెంట్ పోయాలని పసివాళ్లకి కూడా తెలుసు. కానీ అక్టోబరులో అతని భార్య ఓపల్‌కి పక్షవాతం వచ్చింది. ఆసుపత్రి, ఇల్లు, మళ్లీ ఆసుపత్రి. డిసెంబరులో ఆమె పోయింది. షెడ్డులో ఒక కారుందన్న సంగతే అతనికి గుర్తు లేదు. మార్చిలో దుప్పటి తీసి చూస్తే ఇంజన్ పక్కన జానెడు పగులు. లోపలి నీళ్లు గడ్డకట్టి ఇనుముని చీల్చేశాయి. ఓపల్ అంత్యక్రియల్లో కన్నీటి చుక్క రాల్చని మనిషి, ఆ పగులు మీద వేలు పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

కారు కోసం కాదు ఆ ఏడుపు. ఆ ఇంజన్ చప్పుడు కోసం. కొన్న కొత్తలో కుర్రతనం కొద్దీ దాంట్లో పందెం బళ్లకు వేసే క్యామ్ అనే కడ్డీ వేశాడు. దాంతో బండి నిలబెట్టినప్పుడు సాఫీగా తిరగదు. దడ్ దడ్... దడ్, అని తడబడుతుంది. ఓపల్ దానికి కుంటిగుర్రం అని పేరు పెట్టింది. మంచు కరిగిన నెల నుంచి మళ్లీ కురిసే నెల దాకా అతను ఫ్యాక్టరీకి దాంట్లోనే వెళ్లేవాడు. రెండున్నరకి షిఫ్టు దిగి ఇంటికొచ్చి చెయ్యి కడుక్కునేసరికి రెండు గుడ్లు పెనం మీంచి పళ్లెంలోకి దిగుతుండేవి. ఏ రోజూ చల్లారింది లేదు, ఏ రోజూ ఆలస్యమైంది లేదు. నీకెలా తెలుస్తుందని అడిగితే, వీధి చివర మలుపు దగ్గర కుంటిగుర్రం ఆగింది కదా, వినబడింది అనేది.

ఇంకో వింత కూడా ఉండేది. పొద్దుటి నుంచి మోగే వంటింటి రేడియో అతనొచ్చే వేళకి ఎప్పుడూ నోరు మూసుకునే ఉండేది. రేడియో కొన్నది దుమ్ము తుడవడానికా అని అతను ఎగతాళి చేసేవాడు. మధ్యాహ్నం అయ్యేసరికి తలనొప్పి వస్తుందని ఆమె నవ్వేసేది.

ఇప్పుడు అతనికి కావలసింది ఒక్కటే. ఆ చప్పుడు మళ్లీ ఆ వీధిలోకి రావాలి. అది కూడా లేకపోతే ఆ ఇంట్లో ఓపల్ ఉండేదనడానికి ఆనవాలేమీ మిగలదని అతని భయం.

శనివారాలు డోనట్ల కొట్లో చేరే పాత కార్ల మేధావులకు ఈ భయంతో పనిలేదు. అడగని సలహాలు బోలెడు ఇచ్చారు. పెట్టెలో వచ్చే కొత్త ఇంజన్ వెయ్యి, రెండింతల బలం, ఫ్రిజ్జులా చప్పుడే ఉండదని ఒకాయన. అదే సంవత్సరం ఇంజన్ తెచ్చి పాత నంబరు గుద్దించెయ్యి, ఎవడు కనిపెడతాడని ఇంకొకాయన. కారు నంబరూ ఇంజన్ నంబరూ కలిశాయంటే వాళ్లకి జాతకాలు కలిసినంత సంబరం. ఫ్యాక్టరీలో నాలుగేళ్లు ఆ నంబర్లు స్వయంగా గుద్దినవాడు వెర్లిన్. ఇప్పటికే ఆడిన అబద్ధం ఒకటి చాలనుకుని కాఫీ తాగి లేచి వచ్చేశాడు.

పాత ఇంజన్ దించడానికి లామార్ గ్రీర్ వచ్చాడు. ఇరవై రెండేళ్లు ఫ్యాక్టరీ లైన్లో పక్కపక్కన నిలబడి పనిచేసినవాడు. గొలుసు మీద ఇంజన్ పైకి లేవగానే పగులు లామార్ కళ్ల ముందుకొచ్చింది. అది బేరింగ్ పని కాదని అతనికి తెలిసిపోయింది. ఏమీ అడగకుండా దానిమీద టార్పాలిన్ కప్పి, ఎక్కడ పెడదాం దీన్ని అన్నాడు, అంతే.

మే, జూన్ నెలల్లో వెర్లిన్ నాలుగు ఇంజన్లు చూశాడు. చూశాడనకూడదు, విన్నాడు. అమ్మేవాళ్లంతా గట్టిగా రేస్ చేసి గర్జన వినిపించాలని ఉబలాటపడేవాళ్లు. ఇతను వద్దనేవాడు. ఒవోసో ఊరి దగ్గర హార్లన్ బ్రాండ్ట్ అనే రైతు మట్టి ట్రాకు పందేల్లో పరిగెత్తిన ఇంజన్ని ఇనప స్టాండు మీద బిగించి స్టార్టు చేశాడు.

"కొనేవాడివి, బలమెంతో చూసుకోవా?" అన్నాడు చిరాగ్గా.

"వద్దు. ఊరికే తిరగనీ. మలుపు దగ్గర ఆగినట్టు."

వెర్లిన్ దానివైపు వీపు తిప్పి నిలబడ్డాడు. దడ్ దడ్... దడ్. బేరం కూడా ఆడకుండా కొనేశాడు. ఇంటికి తెచ్చాక చూస్తే వెనక నుంచి నూనె కారుతోంది.

"అన్నిచోట్లా తిరిగి నూనె కారేదాన్ని తెచ్చావా? కళ్లు కూడా పోయాయా ముసలాడా?" అన్నాడు లామార్.

"కళ్లతో కొనలేదురా."

ఆగస్టుకి బిగింపు పూర్తయింది. సీట్లో కూర్చుని తిప్పితే అచ్చం పాత బండే. ఆనందంగా ఊరంతా తిరిగి, మలుపు దగ్గర ఆగి, ఇంటికొచ్చి చెయ్యి కడుక్కున్నాడు. పెనం మేకుకే వేలాడుతోంది. పొయ్యి చల్లగా ఉంది. ఎవరూ లేరని అతనికి తెలియక కాదు. అయినా ఆ పొయ్యి ముందు నిలబడ్డప్పుడు తెలిసినంతగా శ్మశానంలో కూడా తెలియలేదు.

ఇంకో అనుమానం కూడా పట్టుకుంది. ఇన్నేళ్లూ తను సీట్లో ఉండి విన్నాడే గానీ, వంటింట్లోకి ఏం వినబడేదో తనకేం తెలుసు? లామార్‌కి ఫోన్ చేసి, రేపు రెండున్నరకి నువ్వు నడుపు, నేను లోపల కూర్చుంటానన్నాడు.

మర్నాడు ఓపల్ కుర్చీలో కూర్చున్నాడు. ఏమీ తోచక రేడియోలో బేస్‌బాల్ ఆట పెట్టుకున్నాడు. ఆట సగంలో ఉండగా గుమ్మంలో లామార్ ప్రత్యక్షమయ్యాడు.

"ఎలా ఉంది?"

వెర్లిన్ తెల్లబోయాడు. "మలుపు దగ్గర ఆగావా?"

"ఆగానయ్యా. చాలాసేపు ఆగాను. వెనకవాడు హారన్ కొట్టాడు కూడా."

వెర్లిన్ రేడియో వైపు చూశాడు. లేచి దాని చెవి మెలిపెట్టి ఆపేసి, ఇంకొక్కసారి వెళ్లిరమ్మన్నాడు.

ఈసారి వంటిల్లు పూర్తిగా మూగబోయింది. గడియారం ముల్లు కదలడం వినబడుతోంది. పది నిమిషాలు పది గంటలైనట్టుంది. ఈ నిశ్శబ్దంలో ఆమె రోజూ కూర్చునేది, అతనింకా ఫ్యాక్టరీ గేటు కూడా దాటని వేళ నుంచి. అప్పుడు ఎక్కడో దూరంగా, వీధి చివర, దడ్ దడ్... దడ్. ఎంత సన్నగా ఉందంటే చెంచా కదిలినా తప్పిపోతుంది. వెర్లిన్ లేచి పెనం దించి, పొయ్యి వెలిగించి రెండు గుడ్లు కొట్టాడు.

లామార్ లోపలికొచ్చి చెయ్యి కడుక్కునేసరికి పళ్లెం సిద్ధంగా ఉంది.

"అదే చప్పుడా మరి?"

"నాకెలా తెలుస్తుంది? అది చెప్పాల్సిన మనిషి లేదు కదా."

వెర్లిన్ ఆ మూగ రేడియో మీద చెయ్యి పెట్టాడు.

"ఓపల్‌కి తలనొప్పేమీ లేదురా లామార్."

లామార్‌కి అర్థం కాలేదు. గుడ్లు చల్లారకముందే తినడం మొదలుపెట్టాడు.