నిప్పు నా నోట్లోనే ఉంది

సహోదరులారా, సంఘంలో పాట ఎత్తే నా గొంతు పోయిన వేసవిలో బొంగురుపోయింది, గంజి మింగినా మంటే, మన ఉద్దానంలో జబ్బంటే అందరం కిడ్నీలే అనుకుంటాం గాని గొంతు గురించి ఎవరం భయపడతాం! నేను మందస దగ్గర జీడితోటల్లో కూలి చేసుకున్నదాన్ని, జుట్టు నెరిశాక బైబిలు కోసం అక్షరాలు నేర్చుకున్నదాన్ని, మెత్తగా రాయడం నాకు రాదు.

"ప్రభువా, నువ్విచ్చిన గొంతే, తీసుకుంటే తీసుకో, నీ పాట మధ్యలో మాత్రం తీసుకోకు" అని ఏడ్చి, టెక్కలిలో గొంతు డాక్టర్లు చూస్తున్నారంటే వెళ్ళాను.

బీడీ, సిగరెట్టు తాగుతావా అని నర్సమ్మాయి అడిగింది, లేదన్నాను, అది అబద్ధం కాదు, మా ఆడవాళ్ళం తాగేది చుట్ట, దాన్ని మాలో ఎవరూ అలవాటని కూడా అనుకోరు. ముక్కులోంచి సన్నటి గొట్టం పంపి గొంతు బొమ్మ తీశారు, ఆ బొమ్మను కంప్యూటరే చూసి జబ్బు ఉందో లేదో చెబుతుందట, నాకు భయం లేదని ఆ కంప్యూటరు చెప్పింది.

"మామ్మా, కంగారేటీ నేదంట. డాక్టరమ్మ కూడా ఓపాలి సూత్తాది, అందాకా బయట కూకో" అంది ఆ పిల్ల.

దేవునికి స్తోత్రం చెప్పుకుని, గోడ వార కూర్చుని, సంతోషంతో చుట్ట వెలిగించి, మా అమ్మ నేర్పిన అడ్డపొగ పద్ధతిలోనే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పెదాలు మూశాను. తలెత్తితే ఎదురుగా డాక్టరమ్మ, ముఖం పాలిపోయి ఉంది.

"నిప్పు లోపల పెట్టుకున్నారా అమ్మా?"

"మరెలగ తాగుతారు తల్లీ? బయటెడితే సముద్రం గాలికి ఆరిపోదేటి?" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. లోపలికి తీసుకెళ్ళి, లైటు వేసి, నా నోరు తెరిపించింది. అంగిట్లో తెల్లటి మచ్చ, మధ్యలో పుండు! ముక్కులోంచి వెళ్ళిన గొట్టానికి అంగిలి కనబడనే లేదు.

"మిషన్ మనం చూపించిందే చూస్తుంది. అందుకే నేను చూడకుండా ఎవరినీ పంపొద్దంటాను. ఇక నుంచి చుట్ట గురించి కూడా అడుగు" అని ఆ పిల్లకు చెప్పింది.

సహోదరులారా, ఆ డాక్టరమ్మ కంప్యూటరు మాటతో సరిపెట్టుకుని ఉంటే, నేను స్వస్థత కలిగిందని మీ ముందు సాక్ష్యం చెప్పి, ఆ చుట్ట కాల్చుకుంటూనే చచ్చిపోయేదాన్ని!

ముక్క తీసి పరీక్ష చేస్తే కేన్సరే, అయితే మొదట్లోనే ఉంది, ఆపరేషను చేశారు. ఇప్పుడు పాట కాస్త ముక్కుతో వస్తుంది, అయినా ఎత్తుతున్నాను, చుట్ట మళ్ళీ ముట్టలేదు, దేవునికే మహిమ! యంత్రాన్ని దేవుణ్ణి చేయకండి, ప్రార్థన చేశాం కదా అని డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానకండి, ఆ తల్లిని నా ముందుకు నడిపించినవాడు ఆయనే, ఆయనను నమ్మండి.

అడ్డపొగ తాగే అమ్మలారా, అప్పలారా, ఆదివారం ఆరాధన అయ్యాక నా దగ్గరికి రండి. ముందు నా నోరు తెరిచి చూపిస్తాను, తరువాత మీ నోళ్ళు చూపించడానికి టెక్కలి కలిసే వెళ్దాం.