తేలు పచ్చబొట్టు చెయ్యి

రాండి, ఇట్ల దగ్గరగా కూచోండి. ఇది నేను మా ఇంట్లో గూడా ఒకటి రెండుసార్లే చెప్పినాను.

దయ్యాలంటే నాకు నవ్వు. కర్నూల్లో ఆసుపత్రి ఆయాను, శవాల గది తాళాలు శానా ఏండ్లు నా కొంగుకే ఉండె. ఒక్కనాడూ ఏదీ నన్ను పలకరించలేదు.

తుంగభద్ర పొంగి ఊర్లోకి వచ్చిన ఏడు, మిట్ట మీదుండే బడి మైదానంలో ఆసుపత్రి రోగుల్ని పండబెట్టినాము. మిలిటరీ హెలికాప్టర్ వచ్చి విడతకు నలుగుర్ని కడపకు తీసకపోతాండె. మణికట్టుకు పేరు చీటీ కట్టేది, స్ట్రెచర్ పట్టేది నా పని.

మాకు తెలిసిందల్లా బస్సే. కిటికీలోంచి తువ్వాల ఏసి ముందు సీటు పట్టుకున్నోడిదే సీటు. పొద్దున మొదటి విడతలో ఆ బుద్ధితోనే సిపాయితో కొట్లాడినాను. అందరికంటే పానం మీదికొచ్చిన ముసలామెను ఆయన కడాన ఎక్కిస్తానంటాడు.

"ఏమప్పా, సచ్చేవాళ్ళని కడాన పెడతావా? నీకు తల్లి లేదా?" అని మీదికి పోయినాను. ఆయనకు తెలుగు సరిగా రాదు. నా ఎనక జనం రాళ్ళు తీసినారు. ఆయన పండ్లు కొరికి, ఆమెనే ముందెక్కించినాడు.

ఆమె మొగం మీద వానకు కప్పిన తడి దుప్పటి ఉండె. చీటీ కట్టేటప్పుడు మణికట్టు మీద తేలు పచ్చబొట్టు మాత్రం చూసినాను. కొండి సగం చెరిగిపోయిండె.

మధ్యాన్నం మా అన్న కోడలు నూరిని తెచ్చినారు. కాన్పయినప్పట్నుంచి రగతం ఆగలేదు. పెదాలు సున్నం మాదిరి తెల్లబడినాయి. ఈసారి ఎవర్నీ అడగలేదు. స్ట్రెచర్ తలకాడ నేను, కాళ్ళకాడ మా అన్న పట్టుకొని అందరికంటే ముందు ఉరికినాము.

హెలికాప్టర్ తలుపుకాడ ఒక ముసలామె అడ్డం నిలబడింది. ఆ గాలికి అందరి కొంగులూ ఎగురుతాండాయి. ఆమె తడి చీర మాత్రం కదల్లేదు.

"దించవే" అనింది.

"తప్పుకో అవ్వా, పిల్ల సచ్చిపోతాది."

"దించు, నీ చేతులు పడిపోను! నన్ను ముందెక్కించినావు గదే!"

నా మణికట్టు పట్టుకొని పిండింది. ఆ చేతి మీద తేలు. సగం చెరిగిన కొండి. పొద్దున కడపకు పోయిన మనిషి ఈడికెట్ల వచ్చె? ఆ కండ్లల్లో కనికారం సుక్క లేదు. నన్ను సంపేటట్టే చూస్తాండాది.

స్ట్రెచర్ జారి నేలకానింది. సిపాయి నన్ను తిట్టి పక్కకు నెట్టి, మిగతా ముగ్గుర్నీ ఎక్కించి, నూరిని కడాన ఎక్కించినాడు.

సాయంత్రం ఆయనే వచ్చి, వచ్చీరాని తెలుగులో, చేతులతో చూపిస్తా చెప్పినాడు. లోపల ఇరుకు. తలుపు ఒకటే. కడాన ఎక్కినోళ్ళే ముందు దిగేది. నూరిని దించిన వెంటనే రగతం ఎక్కించినారంట, బతికింది. పొద్దున ముందెక్కించిన ముసలామె, తలుపుకాడి ముగ్గుర్ని దించేలోగా లోపల్నే పోయిందంట.

మా అన్నను అడిగితే, "ఏమ్మే, ఏ అవ్వ? నువ్వే స్ట్రెచర్ వదిలేసి, నీ చెయ్యి నువ్వే పట్టుకొని అరిస్తివి" అన్నాడు.

నా మణికట్టు మీద ఐదు వేళ్ళు కమిలిన గుర్తులు నెల దినాలు పోలేదు. నూరిని బతికిచ్చేకి వచ్చిందో, నా చెయ్యి ఇరిచేకి వచ్చిందో, ఇప్పటికీ నాకు తెలీదు. ఆ చూపు మాత్రం మంచి చూపు కాదు. అది నాకు రావాల్సిన చూపే.

మీ ఇంట్లో పిల్లా పెద్దా అంతా తమ కాళ్ళతోనే గడప దాటి, తమ కాళ్ళతోనే ఇంటికి రావాల. ఎవర్నీ ఎవరూ మోసే పని రాకూడదు. చల్లగా ఉండండి.