నర్సింగం బిడ్డకు నికరం కాలేజీ

గోదావరిఖనిలో టింబర్‌మన్ అంటే ఆ రోజుల్లో నర్సింగమే. బొగ్గు తీసిన చోట గని కప్పు కూలకుండా కర్ర దుంగలు నిలబెట్టే పని అది. ఇనుప కడ్డీతో కప్పును తట్టి, చెవి ఒగ్గి, ఇది గట్టిది, ఇది బోలు అని చెప్పేవాడు. చెప్పింది తప్పిన రోజు లేదు. ఇరవై ఏళ్ల సర్వీసులో ఆయన నిలబెట్టిన దుంగ కింద ఒక్క మనిషికి గోరు ఊడలేదు. బల్లార్షా వైపు గనిలో ఉన్నప్పుడు ఒక వానాకాలం నీళ్లు ఎగదన్నిన దారిలోంచి ఎనిమిది మందిని చెయ్యి పట్టి బయటికి తెచ్చాడు. అందుకు పెద్ద మేనేజరు గడియారం బహుమతి ఇచ్చి, దాని వెనక పేరు కూడా చెక్కించాడు. చదివింది పల్లెబడిలో నాలుగో తరగతి. అయినా గనిలో ఇంజనీర్లు కూడా ఆయన చెయ్యెత్తితే ఆగేవారు.

ఇవన్నీ నిజాలే. కాని ఈ ఘనకార్యాల్లో ఒక్కటీ నర్సింగం పేరు మీద లేదు. అన్నీ బుచ్చన్న పేరు మీదే ఉన్నాయి.

అది పంతొమ్మిది వందల యాభై నాటి ముచ్చట. రామగిరి గుట్టల కింది పల్లె నుంచి నర్సింగం పని వెతుక్కుంటూ బల్లార్షా పోయాడు. పనిలోకి రాసుకున్న వాళ్ల పేర్లు గని గేటు దగ్గర మున్షీ పిలుస్తున్నాడు. బుచ్చన్న అని మూడుసార్లు పిలిచాడు. పలికేవాడు లేడు. ఆ బుచ్చన్న ముందురోజే గని నోరు చూసి జడిసి, చెప్పులు కూడా వదిలేసి ఊరికి పారిపోయాడు. మున్షీ పేరు కొట్టెయ్యబోతుండగా నర్సింగం చెయ్యెత్తి హాజిర్ అన్నాడు. ఆ దినాల్లో దాన్ని ఎవరూ తప్పనుకోలేదు. పారిపోయినవాడి పేరు మీద నిలబడ్డవాడు పనిచేసుకోవడం గనుల్లో వాడుకే. బావ పేరు మీద బామ్మర్ది, చచ్చినవాడి పేరు మీద బతికినవాడు దిగేవారు. గనికి కావలసింది చేతులు. పేరుదేముంది?

ఒక్కచోట మాత్రం ఆయనకు మనసొప్పలేదు. బిడ్డ అనసూర్యను బడిలో వేసిననాడు సబ్బు పెట్టి ఉతికిన తెల్లంగి తొడుక్కుని తానే వెళ్లాడు. తండ్రి పేరేమిటని పంతులు అడిగితే గుండె నిండా గాలి పీల్చుకుని, నర్సింగం అని చెప్పాడు. చీకట్లో ఏ పేరైతేనేం, బిడ్డ పక్కన తన పేరే ఉండాలనుకున్నాడు. ఆ మాట చెప్పి ఇంటికి వస్తూ దారంతా మురిసిపోయాడు.

డెబ్బయ్యో సంవత్సరం ఎండాకాలంలో వాళ్లు మహారాష్ట్ర విడిచి గోదావరిఖని వచ్చారు. కొత్త గనులకు చెయ్యి తిరిగిన టింబర్‌మన్లు కావాలన్నారు. సొంత జిల్లా, సొంత భాష. పాత గని ఇచ్చిన సర్టిఫికెట్టు మీద బుచ్చన్న అనే ఉంది కనుక ఇక్కడా ఆ పేరుతోనే చేరాడు. సొంత పేరు చెబితే మళ్లీ మొదటి నుంచి తట్ట మొయ్యాలి. అప్పటికి అనసూర్య పదకొండో తరగతి ఫస్టు క్లాసులో పాసైంది. బళ్లో మొదటి ర్యాంకు. లెక్కల్లో నూటికి తొంభై ఆరు. డాక్టరు చదువుతానని పన్నెండో ఏటి నుంచీ ఒకటే మాట. తల్లి సమ్మవ్వ జ్వరంతో పడుకుంటే, నాడి పట్టుకుని నాలుక చూసేది.

రాష్ట్రం మారితే చదువుకు ఎన్ని చిక్కులో వాళ్లకేం తెలుసు? తెలిసినవాడు సామ్యేల్. కంపెనీ బడిలో గుమాస్తా. తాత కాలం నుంచి గనుల్లోనే ఉన్న కుటుంబం. అనసూర్య మార్కుల కాగితం చూసి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. వేరే రాష్ట్రం పిల్ల కనుక ఫీజు ఎక్కువ అడుగుతారనీ, సర్కారు కాలేజీల్లో ఇక్కడి పిల్లలందరికీ ఇచ్చాకే వీళ్ల వంతు వస్తుందనీ విడమరిచి చెప్పాడు.

"మూడు కాడ దరఖాస్తు వేద్దామన్నా. ఒకటి ఆశకు, పట్నంది. ఒకటి అదృష్టానికి, వరంగల్‌ల సర్కారుది. ఇంకొకటి నికరానికి. ఏది పోయినా అది మన చేతుల ఉండాలె. ఫీజు అగ్గువ ఉండాలె" అన్నాడు.

నికరం అన్న మాట నర్సింగానికి బాగా నచ్చింది. ఆయన పనే అది. పెద్ద దుంగ నిలబెట్టే ముందు పక్కన ఒక చిన్న దుంగ నిలబెడతారు, పెద్దది జారినా తల మీదికి రాకుండా. ఆ చిన్న దుంగ పెట్టకుండా ఆయన ఏనాడూ కప్పు కింద అడుగుపెట్టలేదు.

నికరం కాలేజీ కాజీపేట దగ్గర దొరికింది. ఏదో ధర్మసంస్థ నడిపేది. పేరున్నది కాదు, రేకుల షెడ్లే. కాని అందులోనూ డాక్టరీకి దారి తీసే సైన్సు గ్రూపు ఉంది. గని కార్మికుల సొంత పిల్లలైతే సగం ఫీజు, హాస్టలు ఉచితం. కంపెనీ నుంచి కాగితం తెస్తే చాలన్నారు.

జూన్ నెలాఖరుకు మూడు జవాబులూ వచ్చాయి. వరంగల్ వాళ్లు చూద్దామన్నారు. పట్నం కాలేజీ సీటు ఇచ్చింది. కాని ఫీజు, హాస్టలు కలిపి వింటే సమ్మవ్వ కూర్చున్న చోటే కూర్చుండిపోయింది. నికరం కాలేజీ రమ్మంది. అనసూర్య పట్నం ఉత్తరాన్ని రెండు రోజులు చేతిలోనే పట్టుకు తిరిగింది. నర్సింగం గమనించకపోలేదు.

"నికరమైంది ఉండంగ ఫికర్ ఎందుకు బిడ్డా. యాడ సదివినా డాక్టర్ డాక్టరే" అన్నాడు.

ఆమె తలూపింది. ఉత్తరం మడిచి ట్రంకు పెట్టె అడుగున పెట్టింది. పట్నం కాలేజీ పెట్టిన గడువు ఒక శనివారం దాటిపోయింది. ఆ శనివారమే వరంగల్ నుంచి, సీట్లు నిండినాయని కార్డు వచ్చింది. నర్సింగానికి చీమ కుట్టినట్టయినా లేదు.

సోమవారం పొద్దున్నే తండ్రీ బిడ్డా రామగుండంలో రైలెక్కారు. ఆయన తెల్లంగి తొడిగి, బహుమతి గడియారం పెట్టుకున్నాడు. కాలేజీ ఆఫీసులో లింగమూర్తి అనే గుమాస్తా ఉన్నాడు. మంచి మనిషి, ముందు మంచినీళ్లిచ్చాడు. ఆ మంచితనానికి నర్సింగం నోరు తెరుచుకుంది. ఎనిమిది మందిని కాపాడిన సంగతి చెప్పాడు. గడియారం విప్పి వెనక వైపు చూపించాడు. లింగమూర్తి ఆ అక్షరాలు పైకే చదివి, గొప్పోనివే బుచ్చన్నా అన్నాడు. ఆ తర్వాత కంపెనీ కాగితం ఒక పక్క, మార్కుల కాగితం ఒక పక్క పెట్టుకుని చూశాడు. మళ్లీ చూశాడు.

"ఈడ తండ్రి నర్సింగం అని ఉన్నది. కంపెనీ కాగితంల బుచ్చన్న. నువ్వేమో బుచ్చన్నవు. మరి ఈ నర్సింగం ఎవరే?"

 రెండు పేర్లూ నర్సింగానికి ఒంటి మీది రెండు అంగీల్లాంటివి. పగలొకటి తొడుగుతాడు, ఇంటికొచ్చాక ఒకటి. రెండూ ఒక బల్ల మీద పక్కపక్కన పడుకోగలవని ఆయనకు ఎన్నడూ తట్టలేదు. ఇద్దరూ ఒకరే అయితే చిక్కేమీ లేదనీ, ఆ ముక్క కంపెనీకి తామే రాసి రూఢి చేసుకుంటామనీ లింగమూర్తి సాయం చేసే గొంతుతోనే చెప్పాడు. కలం కూడా తీశాడు.

కంపెనీకి రాయడమంటే ఏమిటో బిడ్డకు తెలుసు. మారుపేరు తేలితే పని ఊడుతుందని గని మీద అందరూ అనుకునే మాటే. ఇరవై ఏళ్ల సర్వీసు, ఇల్లు, తల్లి మందులు అన్నీ ఆ పేరు మీదే నిలబడ్డాయి. ఆమె తండ్రి చేతుల వంక చూసింది. విప్పిన గడియారం మళ్లీ పెట్టుకోబోయి, పట్టీ కన్నం దొరక్క ఆ చేతులు తడుముకుంటున్నాయి. కప్పు విరిగే చప్పుడు విని కూడా తడబడని చేతులవి.

"రాయకుండ్రి సార్. ఈయన మా కాక. మా నాయిన నర్సింగం లేడు. కాకనే సాదిండు" అంది అనసూర్య.

లింగమూర్తి కలం మూసేశాడు. సొంత పిల్లలకే రాయితీ అనీ, తమ్ముడి బిడ్డకైనా అన్న బిడ్డకైనా తన చేతుల్లో లేదనీ చెప్పాడు. పూర్తి ఫీజు కట్టగలరా అని నెమ్మదిగా అడిగాడు. ఆ లెక్క పట్నం కాలేజీ లెక్కకు పెద్ద దూరం లేదు. ఆమె కాగితాలు తీసుకుని, అంచులు సరిచేసుకుని సంచిలో పెట్టుకుంది.

సాయంత్రం కాజీపేటలో పాసింజరు ఎక్కారు. పెట్టెలో కూర్చుని ఇంకా ఊపిరి పీల్చుకోలేదు, లింగమూర్తి అదే పెట్టెలోకి ఎక్కి వాళ్లను చూసి నవ్వాడు. ఆయన ఊరు జమ్మికుంట, రోజూ ఆ బండికే పోతాడు. ఎదురుగా కూర్చుని పల్లికాయల పొట్లం విప్పి ముందు పిల్లకు పెట్టాడు. అన్న బిడ్డను ఇంతదాకా చదివించేవాళ్లు ఈ కాలంలో ఎవరున్నారని నర్సింగాన్ని పొగిడాడు. నర్సింగం కిటికీలోంచి బయటికి చూస్తూ తలూపాడు.  బండి కదిలాక లింగమూర్తి పిల్ల వైపు తిరిగాడు.

"మీ నాయిన ఎట్ల పోయిండు బిడ్డా?"

అనసూర్య చేతిలోని పల్లికాయ ఒలవకుండా అలాగే పట్టుకుంది.

"గనిల సార్. కప్పు కూలింది."

"అయ్యో. టింబరు సరిగ పెట్టలేదా?"

నర్సింగం తల తిప్పాడు. బిడ్డ ఆయన వైపు చూడలేదు.

"పెట్టిండు సార్. మా నాయిన పెట్టినంక వంక పెట్టే పని లేదు. ఎంత పెట్టాల్నో అంత పెట్టిండు. అయినా కూలింది" అంది.

జమ్మికుంటలో లింగమూర్తి దిగిపోయాడు. దత్తత కాగితం రాయించుకుంటే వచ్చే ఏడాదికైనా పనికొస్తుందని కిటికీ దగ్గరికి వచ్చి మరీ చెప్పాడు. బండి కదిలింది. పెద్దపల్లి వచ్చింది, పోయింది. ఇద్దరి మధ్య బల్ల మీద పల్లి పొట్టు గాలికి కదులుతోంది. ఆయన గడియారం విప్పి జేబులో వేసుకున్నాడు.

ఇంట్లో సమ్మవ్వ చెంబుతో నీళ్లిచ్చి, ఏమైందని అడిగింది. సీట్లు అయిపోయినయట అని బిడ్డే చెప్పింది. సామ్యేల్ వచ్చి అడిగినా అదే చెప్పింది. ఆమె డాక్టరు కాలేదు. మరుసటి ఏడు కాలనీలో చిన్నపిల్లల బడి పెట్టారు, అక్కడ అక్షరాలు చెప్పింది. ఆమె దగ్గర ఓనమాలు దిద్దిన వాళ్లలో ఇద్దరు డాక్టర్లయ్యారు. ఆ మాట మనవాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. ఆమె మాత్రం చెప్పుకోదు.

కాజీపేట నుంచి వచ్చిన మర్నాడు, ఆ మంగళవారం పొద్దున, నర్సింగం మొదటి షిఫ్టుకు బయలుదేరాడు. టోపీ పెట్టుకున్నాడు, కడ్డీ భుజాన వేసుకున్నాడు, సద్ది డబ్బా మాత్రం మరిచాడు. అప్పటికే క్వార్టర్ల వరుస చివరికి చేరాడు. దారి నిండా డ్యూటీకి పోయే మనుషులు. అనసూర్య డబ్బా పట్టుకుని గడపలోకి వచ్చి, ఎన్నడూ లేనంత గట్టిగా, వరుసంతా వినబడేలా, నాయినా అని పిలిచింది.

ఆ పిలుపుకు ఆయన ఆగాడు. వెనక్కి తిరిగే ముందు, లింగమూర్తి అక్కడెక్కడో ఉన్నట్టు, ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూశాడు.